నాన్న నడుం నొప్పి చివరికి మల్టిపుల్ మైలోమా అని తేలింది. అసలిదేంటి, ఎందుకొస్తుంది?

గాజువాక_రవి
నాన్నకి 58. మూడు నెలలుగా నడుం నొప్పి. అరుగుదల అన్నారు, డైక్లోఫినాక్ రాశారు, బెల్టు పెట్టుకోమన్నారు. తగ్గలేదు. ఈ వారం పరీక్షల్లో హిమోగ్లోబిన్ 8.4, ఈఎస్‌ఆర్ 130, క్రియాటినిన్ 2.3, కాల్షియం 10.6, టోటల్ ప్రొటీన్ 9.8, ఆల్బుమిన్ 2.8, సోడియం 129, మూత్రంలో ఆల్బుమిన్ ట్రేస్ (లవలేశం). ఎక్స్‌రేలో ఎల్1 వెన్నుపూస కుంగింది. మజ్జ పరీక్షలో ప్లాస్మా కణాలు 34 శాతం, మల్టిపుల్ మైలోమా అన్నారు. ఒకరు ఎముకల క్యాన్సర్ అంటున్నారు, ఒకరు రక్త క్యాన్సర్ అంటున్నారు. పెద్దత్తేమో ఒంట్లో ప్రొటీన్ ఎక్కువైందట కదా, పప్పూ గుడ్డూ మాన్పించండి అంటోంది. ఆయన ముప్పై ఏళ్లు వెల్డింగ్ పని చేశారు. ఆ పొగ వల్లా? నాకూ చెల్లికీ కూడా వస్తుందా? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

మధురవాడ_మజ్జ
మిగతావన్నీ తర్వాత. డైక్లోఫినాక్ ఈ పూట నుంచే ఆపించండి. ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫినాక్, మందుల షాపులో ఇచ్చే నొప్పి ఇంజెక్షన్లు ఏవీ వద్దు. నొప్పికి పారాసిటమాల్. అది చాలకపోతే కిడ్నీ అంకెలు చూసుకుని డాక్టరుగారు వేరేది రాస్తారు.

ఇది ఎముక నుంచి పుట్టింది కాదు. ఎముక లోపలి మజ్జలో ఉండే ఒక రకం తెల్లకణాల క్యాన్సర్, కాబట్టి రక్త క్యాన్సర్ల లెక్కలోకే వస్తుంది. మన ఒంట్లో బి లింఫోసైట్లని ఉంటాయి. సూక్ష్మజీవి తగిలినప్పుడు వాటిలో కొన్ని ముదిరి ప్లాస్మా కణాలవుతాయి. వాటికి ఒకటే పని, యాంటీబాడీలు తయారుచేయడం. ఒక్కో ప్లాస్మా కణానిది ఒక్కో అచ్చు. మామూలు మజ్జలో ఇవి 5 శాతం లోపే ఉంటాయి, అవి కూడా రకరకాల అచ్చులవి. మైలోమాలో ఏదో ఒక్క కణం దారితప్పి, దాని సంతానమే మజ్జంతా పరుచుకుంటుంది. అన్నిటిదీ ఒకే అచ్చు, కాబట్టి ఒకే రకం యాంటీబాడీ కుప్పలుగా వచ్చి రక్తంలో పడుతుంది. అదే ఎం ప్రొటీన్. పనికొచ్చే యాంటీబాడీలు అదే సమయంలో తగ్గిపోతాయి. అందుకే న్యుమోనియాలు తొందరగా పట్టుకుంటాయి.

మల్టిపుల్ అంటే చాలాచోట్ల అని. మజ్జ ఉన్న ఏ ఎముకలోనైనా రావొచ్చు గనక ఆ పేరు. ఒక్కచోటే గడ్డలా ఉండి మజ్జ శుభ్రంగా ఉంటే దాన్ని ప్లాస్మాసైటోమా అంటారు, ఆ దారి వేరు.

ఆరిలోవ_అన్నపూర్ణ
పెద్దత్తగారి మాటకి జవాబు: పప్పు మాన్పించకండి. ఆ ప్రొటీన్ కంచంలోంచి వచ్చింది కాదు, క్యాన్సర్ కణం తయారుచేసింది. గుడ్డు మానేస్తే ఎం ప్రొటీన్ పిసరంత కూడా తగ్గదు, మనిషి మాత్రం చిక్కిపోతాడు. ఆల్బుమిన్ 2.8 ఉన్న మనిషికి తిండి కావాలి. కిడ్నీ దృష్ట్యా ఎంత తినొచ్చో డైటీషియన్ ఒంటి బరువు చూసి చెప్తారు. కాల్షియం మాత్రలు, విటమిన్ డి సాచెట్లు వాడుతుంటే మాత్రం డాక్టరుగారికి చూపించేదాకా ఆపండి.

ల్యాబ్_లక్ష్మి
రవిగారూ, ఆ రిపోర్టులో అన్నిటికంటే గట్టిగా అరుస్తున్న అంకె ఒకటుంది, దాన్ని ఎవరూ చూడరు. టోటల్ ప్రొటీన్ 9.8 లోంచి ఆల్బుమిన్ 2.8 తీసేయండి. 7.0 వస్తుంది. అది గ్లోబ్యులిన్. మామూలుగా 2 నుంచి 3.5 మధ్య ఉండాలి. యాభై దాటిన మనిషికి నడుం నొప్పి, రక్తం తక్కువ, గ్లోబ్యులిన్ ఇలా పెరగడం, ఈ మూడూ ఒకే కాగితం మీద కనిపిస్తే ఎలక్ట్రోఫొరెసిస్ (రక్తంలోని ప్రొటీన్లని కరెంటుతో విడదీసి చూసే పరీక్ష) రాయించి తీరాలి. లివర్ ప్రొఫైల్‌లో చివరి వరసలో ఉంటుంది కాబట్టి బిలిరుబిన్ చూసి కాగితం మడిచేస్తారు.

కాల్షియం కూడా 10.6 అని ఊరుకోకండి. రక్తంలో కాల్షియం సగం దాకా ఆల్బుమిన్‌ని పట్టుకుని తిరుగుతుంది. ఆల్బుమిన్ తక్కువైతే అంకె తక్కువ చూపిస్తుంది. లెక్క ఇది: 4 లోంచి 2.8 తీస్తే 1.2, దాన్ని 0.8తో గుణిస్తే 0.96, అది 10.6కి కలిపితే 11.56. అంటే 11 దాటినట్టే. ఇదీ అంచనాయే, వీలుంటే ఆల్బుమిన్‌ని పట్టుకోని కాల్షియాన్ని నేరుగా కొలిచే అయనైజ్డ్ కాల్షియం పరీక్ష చేయించండి.

ఈఎస్‌ఆర్ 130కి (ఎర్రకణాలు గొట్టంలో కిందికి దిగే వేగం అది) కారణం స్లైడు మీద కంటికే కనిపిస్తుంది. ఎర్రకణాలు విడివిడిగా ఉండవు, రూపాయి బిళ్లలు దొంతర పేర్చినట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. రక్తంలో ప్రొటీన్ ఎక్కువై వాటిని దగ్గరకి లాగుతుంది. దొంతరలు బరువు గనక గొట్టంలో గబగబా కిందికి దిగుతాయి. రంగు వేసినప్పుడు స్లైడు వెనక భాగం కూడా లేత నీలంగా కనిపిస్తుంది.

గాజువాక_రవి
ఎలక్ట్రోఫొరెసిస్ చేశారు లక్ష్మిగారూ. గామా దగ్గర ఎం స్పైక్ 4.6 అనీ, ఇమ్యునోఫిక్సేషన్‌లో దాని రకం ఐజీజీ కప్పా అనీ ఉంది. గ్రాఫు చివర ఒక నిట్రాట పాతినట్టుంది.

ల్యాబ్_లక్ష్మి
సరిగ్గా చెప్పారు. మామూలు మనిషికి అక్కడ పల్లపు దిబ్బలా వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే వేల అచ్చుల యాంటీబాడీలు తలో చోట ఆగుతాయి. ఒకే అచ్చు అయితే అన్నీ ఒకేచోట ఆగి సన్నగా నిలువునా లేస్తుంది. జెల్ మీదైతే అలికినట్టు ఉండాల్సిన చోట కాటుకతో గీసినట్టు ఒక గీత. టీబీ లాంటి ఇన్‌ఫెక్షన్లూ, లివర్ జబ్బులూ గ్లోబ్యులిన్ పెంచుతాయి గానీ దిబ్బే పెరుగుతుంది, రాట లేవదు. తేడా అక్కడ పట్టుకోవాలి.

ఫ్రీ లైట్ చైన్ పరీక్ష కూడా చేయించండి. కొందరిలో పూర్తి యాంటీబాడీ రాదు, అందులోని తేలిక గొలుసులు, అంటే లైట్ చైన్లే వస్తాయి. వాళ్లకి ఎలక్ట్రోఫొరెసిస్ దాదాపు మామూలుగా ఉండొచ్చు.

పెదవాల్తేరు_పద్మ
మూత్రంలో ఆల్బుమిన్ ట్రేస్ అని వస్తే కిడ్నీ బాగున్నట్టే కదా? మరి క్రియాటినిన్ 2.3 ఎలా వచ్చింది?

కిడ్నీ_కబుర్లు
పద్మగారూ, చాలామంది పొరపడేది ఇక్కడే. యాంటీబాడీకి రెండు బరువు గొలుసులు, రెండు తేలిక గొలుసులు ఉంటాయి. మైలోమా కణం తేలిక గొలుసుల్ని అవసరానికి మించి తయారుచేస్తుంది. అవి చిన్నవి కాబట్టి కిడ్నీ జల్లెడలోంచి సులువుగా జారి గొట్టాల్లోకి దిగుతాయి. అక్కడ యూరోమోడ్యులిన్ అనే మన సొంత ప్రొటీన్‌కి తగులుకుని గడ్డకట్టి, మైనపు బిరడాల్లా గొట్టాల్ని మూసేస్తాయి. జల్లెడకి ఏమీ కాలేదు గనక ఆల్బుమిన్ కారదు. డిప్‌స్టిక్ పట్టీ ప్రధానంగా ఆల్బుమిన్‌నే పడుతుంది, లైట్ చైన్లని పట్టదు. ట్రేస్ అని వచ్చింది అందుకే. అదే మూత్రాన్ని 24 గంటల ప్రొటీన్‌కి పంపితే గ్రాముల్లో వస్తుంది.

ఒంట్లో నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి బిరడాలు త్వరగా కడతాయి. డైక్లోఫినాక్ కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది, అదీ ఇటే తోస్తుంది. ఎక్కువైన కాల్షియం మూత్రం ఎక్కువ పోయించి ఒంటిని ఎండబెడుతుంది. మూడూ ఒకేసారి జరిగితే క్రియాటినిన్ రోజుల్లోనే రెట్టింపు కావొచ్చు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ వేసి సీటీ తీస్తామంటే ముందే మైలోమా సంగతీ, క్రియాటినిన్ సంగతీ చెప్పండి. గుండె బాగుండి, కాళ్లవాపు లేకపోతే రోజుకి మూడు లీటర్ల దాకా నీళ్లు. మన వైజాగ్ ఉక్కపోతలో చెమటకి పోయేది వేరే. ఎంత తాగాలో డాక్టరుగారితో తేల్చుకోండి.

త్వరగా చికిత్స మొదలైతే ఈ కిడ్నీ చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. ఆలస్యం చేయొద్దనేది అందుకే.

డాల్ఫిన్స్‌నోస్
పాతకాలపు ముచ్చట ఒకటి. 1845లో లండన్‌లో ఎముకల నొప్పితో ఉన్న ఒక వ్యాపారి మూత్రాన్ని డాక్టర్లు హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్య రసాయన నిపుణుడికి పంపారు. వేడిచేస్తే తెల్లగా విరిగి, మరిగేసరికి కరిగిపోయి, చల్లారితే మళ్లీ విరిగేది. ఆల్బుమిన్ అయితే ఒకసారి విరిగిందంటే మరి కరగదు. బెన్స్ జోన్స్ ప్రొటీన్ అంటే ఈ తేలిక గొలుసులేనని తేలడానికి 1962 దాకా పట్టింది.

కిడ్నీ_కబుర్లు
24 గంటల మూత్రం పట్టేటప్పుడు తప్పులు ఎక్కువ, రవి తమ్ముడూ, చూసుకో. పొద్దున లేవగానే వచ్చేది పారబోయాలి, ఆ టైము రాసుకోవాలి. అక్కణ్నుంచి ప్రతి చుక్కా డబ్బాలో పట్టాలి, మలవిసర్జనకి వెళ్లినప్పుడు వచ్చేది కూడా. మర్నాడు అదే టైముకి వచ్చేది పట్టి మూత పెట్టాలి. డబ్బా చల్లగా ఉంచాలి. ఒకసారి మర్చిపోయి బయట పోస్తే దాచకుండా మళ్లీ మొదలుపెట్టండి. సగం డబ్బాతో వచ్చిన రిపోర్టు మనల్నే మోసం చేస్తుంది.

పెదవాల్తేరు_పద్మ
మరి ఎముక ఎందుకు కుంగింది? కణం ఎముకని తింటుందా?

ఎక్స్‌రే_కళ్లు
అది తినదు, తినేవాళ్లని ఉసిగొల్పుతుంది. ఎముకలో తవ్వే కణాలు, పూడ్చే కణాలు ఎప్పుడూ జంటగా పనిచేస్తుంటాయి. మైలోమా కణాల వల్ల రాంక్ లిగాండ్ అనే సంకేతం పెరిగి తవ్వేవాళ్లు రెచ్చిపోతారు. డీకేకే1 లాంటి ప్రొటీన్లు పూడ్చేవాళ్లని పడుకోబెడతాయి. రోడ్డు తవ్వుకుంటూ పోయి ఎక్కడా పూడ్చకపోతే ఎలా ఉంటుందో ఎముక అలా అవుతుంది. తవ్విన కాల్షియమంతా రక్తంలోకి. రవిగారి నాన్నగారి 11.56 అక్కణ్నుంచి వచ్చిందే, పాల నుంచి కాదు.

పూడ్చే పని లేదు గనక రెండు విచిత్రాలు జరుగుతాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థంతో చేసే బోన్ స్కాన్ పూడ్చే చోట్లనే వెలిగిస్తుంది, అందుకని మైలోమా గుంతల్ని వదిలేస్తుంది. బోన్ స్కాన్ నార్మల్ అని ఊపిరి పీల్చుకోవద్దు. ఎక్స్‌రేలో గుంత కనపడాలంటే అక్కడి ఖనిజం కనీసం 30 శాతం పోయి ఉండాలి. ఇప్పుడు ఒళ్లంతా తక్కువ డోసు సీటీ గానీ పెట్ సీటీ గానీ తీస్తారు, వెన్నుకి ఎంఆర్‌ఐ.

సింహాచలం_శీను
మా వైపు నడుం పట్టేస్తే ముందు నూనె రాసి తొక్కిస్తారు. ఏటవుద్ది?

ఎక్స్‌రే_కళ్లు
గుల్లయిన వెన్నుపూస మీద కాలేస్తే విరుగుతుంది, శీనూ. విరిగిన ముక్క వెన్నుపాముని నొక్కితే కాళ్లు పడిపోతాయి. రవిగారూ, మర్దనలు, నాటు కట్లు, బరువులెత్తడం బంద్. కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగుసుకున్నా రేపు చూద్దామనుకోవద్దు, ఆ గంటకే క్యాజువాలిటీకి. ఎంఆర్‌ఐ అదే రోజు జరగాలి.

సింహాచలం_శీను
నాను ఒకటే అడుగుతాను. గాజువాక చుట్టూరా ఇన్ని ఫేక్టరీలు, ఆ పొగ, ఆ దుమ్ము. దాని వల్ల కాక మరేటి వల్ల వస్తాది? 2020 మే 7న ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో స్టైరీన్ పీల్చినోళ్ల సంగతేటి?

మధురవాడ_మజ్జ
శీనుగారి కోపం న్యాయమే. కానీ తెలిసింది తెలిసినంతే చెప్పాలి.

వెల్డింగ్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మైలోమాకి అలాంటి తీర్పు లేదు. బెంజీన్‌కి ల్యుకేమియాతో సంబంధం గట్టిది, మైలోమాతో సూచనలున్నాయి గానీ అంత గట్టివి కావు. వియత్నాం యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ సోకిన సైనికులకి మైలోమా వస్తే అమెరికా ప్రభుత్వం దాన్ని ఆ రసాయనం ఖాతాలోనే వేసి పరిహారమిస్తుంది. పురుగుమందులతో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లలో కొంత ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. స్టైరీన్‌ని బహుశా క్యాన్సర్ కారకం అనే వరసలో పెట్టారు. ఒక్క రాత్రి పీల్చిన దానివల్ల మైలోమా వచ్చిందని చూపించిన ఆధారం మాత్రం లేదు. ఆ ఊళ్లవాళ్లకి ఏళ్ల తరబడి ఆరోగ్య పరీక్షలు జరగాలా అంటే జరగాలి, అందులో నాకు రెండో మాట లేదు.

ఖచ్చితంగా తెలిసిన కారణాల్లో ఎక్కువ మన చేతిలో లేనివి. వయసు, మగవాళ్లలో కాస్త ఎక్కువ, నల్లజాతివాళ్లలో తెల్లవాళ్లకంటే రెట్టింపు, దగ్గర రక్తసంబంధంలో ఎవరికైనా ఉండటం, ఊబకాయం. పడమటి దేశాల్లో గుర్తించే సగటు వయసు డెబ్బైకి దగ్గర. మన దగ్గర సుమారు పదేళ్లు ముందే కనిపిస్తోంది.

సింహాచలం_శీను
అంటే కారణం తెలీదనీసి చెప్పడమే కదా.

మధురవాడ_మజ్జ
ఎవరి వల్ల అన్నది తెలియదు. ఎలా జరుగుతుందో మాత్రం చాలా తెలుసు. యాంటీబాడీ అచ్చు తయారుకావాలంటే బి కణం తన జన్యువుల్ని తానే కోసి అతికించుకోవాలి. సూక్ష్మజీవికి సరిపోయేలా సవరించుకునేటప్పుడు మళ్లీ కోస్తుంది. ఆ కోత, కుట్టులో 14వ క్రోమోజోమ్ ముక్క పొరపాటున 11కో, 4కో, 16కో అతుక్కుంటుంది. యాంటీబాడీని దంచికొట్టే మీట పక్కకి, కణాన్ని పెంచే జన్యువు వచ్చి కూర్చుంటుంది. ఇంకో సగం మందిలో అతుకుడు కాదు, 3, 5, 7, 9, 11, 15, 19, 21 లాంటి బేసి క్రోమోజోములు అదనంగా వస్తాయి. ఇది మొదటి తప్పు. రోగనిరోధక వ్యవస్థ రోజూ చేసే పనిలో దొర్లే పొరపాటు, నాన్నగారి తిండి వల్లో అలవాట్ల వల్లో వచ్చింది కాదు.

మొదటి తప్పుతోనే మైలోమా కాదు. ముందు ఎంజీయూఎస్ అనే నిశ్శబ్ద దశ. ఎం ప్రొటీన్ 3 గ్రాముల లోపు, మజ్జలో 10 శాతం లోపు, ఒంటికి ఏ నష్టమూ ఉండదు. యాభై దాటిన నూరుమందిలో సుమారు ముగ్గురికి ఉంటుందని అమెరికా లెక్క. వాళ్లలో ఏడాదికి నూటికి ఒక్కరు ముదురుతారు. మిగతావాళ్లు దానితోనే బతికేస్తారు. తర్వాతది స్మౌల్డరింగ్, నివురుగప్పిన నిప్పు. అక్కడ మొదటి అయిదేళ్లు ఏడాదికి పదిమంది చొప్పున ముదురుతారు. తర్వాత రాస్ జన్యువుల్లో మార్పులు, 1వ క్రోమోజోమ్ అదనపు ముక్క, 17వ దాంట్లో పీ53 అనే కాపలా జన్యువు ఉన్న భాగం ఊడిపోవడం, ఇలా మరికొన్ని తప్పులు చేరితే మైలోమా. దాదాపు ప్రతి మైలోమాకీ ముందు ఎంజీయూఎస్ ఉందని 2009లో పాత రక్తనమూనాలు తీసి చూసి తేల్చారు. నాన్నగారిది కూడా నడుం నొప్పికి ఏళ్ల ముందే మొదలై ఉంటుంది.

పెదవాల్తేరు_పద్మ
ఎంజీయూఎస్‌కీ మైలోమాకీ గీత ఎక్కడ గీస్తారు?

మధురవాడ_మజ్జ
మజ్జలో 10 శాతం దాటి, ఒంటికి నష్టం మొదలైతే. కాల్షియం 11 దాటడం, క్రియాటినిన్ 2 దాటడం, హిమోగ్లోబిన్ 10 లోపుకి పడటం, ఎముకలో 5 మిల్లీమీటర్ల గుంత ఒక్కటైనా. వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. 2014లో ఇంకో మూడు చేర్చారు, నష్టం కనపడేదాకా ఆగకుండా: మజ్జలో 60 శాతం, లైట్ చైన్ నిష్పత్తి 100 దాటడం, ఎంఆర్‌ఐలో ఒకటికి మించి మచ్చలు. రవిగారి రిపోర్టులో మొదటి మూడూ స్పష్టంగా ఉన్నాయి, వెన్నుపూస సంగతి సీటీ తేలుస్తుంది. అనుమానానికి చోటు లేదు.

గాజువాక_రవి
ఇప్పుడర్థమైంది. మరి నాకూ చెల్లికీ?

మధురవాడ_మజ్జ
మామూలు వాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. కానీ ఆ మామూలే చాలా చిన్నది గనక రెట్టింపైనా చిన్నదే. మీ ఇద్దరికీ చేయాల్సిన జన్యుపరీక్ష అంటూ ఏదీ లేదు. అంటుకునేదీ కాదు, ఒకే కంచంలో తినొచ్చు. ఏ జబ్బూ లేనివాళ్లని ముందే పరీక్షిస్తే లాభమా అని ఐస్‌లాండ్‌లో నలభై దాటిన 75 వేలమందికి పైగా రక్తం తీసి చూస్తున్నారు.

ల్యాబ్_లక్ష్మి
నేను కాస్త విభేదిస్తాను. ఎలక్ట్రోఫొరెసిస్ చిన్న పరీక్ష. మనశ్శాంతికి నలభై దాటాక ఒకసారి చేయించుకుంటే తప్పేంటి?

మధురవాడ_మజ్జ
చేయించుకోవచ్చు లక్ష్మిగారూ. కానీ ఎంజీయూఎస్ అని వస్తే ఆ మనిషి ముప్పై ఏళ్లు ఆరు నెలలకోసారి భయపడుతూ బతుకుతాడు, ఎక్కువమందికి ఏమీ కాకపోయినా. ఆ భయానికీ ఖరీదుంది. నిర్ణయం వాళ్లకే వదిలేయాలి.

ల్యాబ్_లక్ష్మి
అదీ నిజమే.

మజ్జ నమూనాలో ఫిష్ పరీక్షకి పంపారా, రవిగారూ? మన ఫిషింగ్ హార్బరు ఫిష్ కాదు, క్రోమోజోముల అతుకులు చూసేది. సీడీ138 అనే గుర్తుతో ప్లాస్మా కణాల్ని వేరుచేశాక చేశారా అని అడగండి. వేరుచేయకపోతే మిగతా కణాల్లో కలిసిపోయి 17వ క్రోమోజోమ్ లోపం దొరక్కుండా పోతుంది. నమూనా హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబులో వెళ్లాలి.

రక్తనిధి_రాజు
ఇది ఎవరూ ముందు చెప్పరు. హిమోగ్లోబిన్ 8.4 కాబట్టి రక్తం ఎక్కించాల్సి రావొచ్చు. లక్ష్మిగారు చెప్పిన దొంతరలు దాత రక్తం సరిపోతుందో చూసే క్రాస్‌మ్యాచ్‌లో గడ్డకట్టినట్టే కనిపించి రక్తం సరిపోలేదని తప్పుగా చూపిస్తాయి. సెలైన్‌తో కడిగి మళ్లీ చేస్తే దొంతర విడిపోతుంది, నిజమైన గడ్డ విడిపోదు. రిక్వెస్ట్ ఫారం మీద మైలోమా అని రాయమనండి.

ఇంకోటి. మైలోమాకి వాడే డారటుముమాబ్ అనే మందు ఇస్తామంటే, మొదటి డోసుకి ముందే బ్లడ్ గ్రూపుతో పాటు ఆర్‌హెచ్, కెల్ వగైరా యాంటిజెన్లు టైప్ చేయించి కార్డు జేబులో పెట్టుకోండి. ఆ మందు ఎర్రకణాల మీద సీడీ38 అనే ప్రొటీన్‌కి అతుక్కుంటుంది, ఆఖరి డోసు తర్వాత ఆరు నెలల దాకా రక్తం సరిపోలుతుందో చూసే కూంబ్స్ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించొచ్చు. కార్డు ఉంటే అర్ధరాత్రి కూడా రక్తం వెతకడం తేలిక.

గాజువాక_రవి
రాసుకున్నాను అన్నా. స్టేజ్ ఎంత అని అడిగితే ఇంకా చెప్పలేం అన్నారు. ఒళ్లంతా ఉంటే నాలుగో స్టేజే కదా?

మధురవాడ_మజ్జ
కాదు. దీనికి నాలుగో స్టేజ్ లేదు, పాకడాన్ని బట్టి లెక్కించరు. రక్తంలో బీటా2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ 3.5 లోపు, ఆల్బుమిన్ 3.5 లేదా పైన ఉంటే ఒకటి. బీటా2 5.5 లేదా పైన అయితే మూడు. మధ్యవి రెండు. దాంతో ఎల్‌డీహెచ్, ఫిష్ కలిపి చూస్తారు. కిడ్నీ దెబ్బతింటే బీటా2 దానంతటదే పెరుగుతుంది, ఆ అంకె చూసి బెంగపడొద్దు.

పూర్తిగా పోతుందని మాటివ్వలేం, కానీ ఏళ్ల తరబడి అదుపులో ఉంచే మందులున్నాయి. బోర్టెజోమిబ్ పొట్ట చర్మం కింద, లెనలిడోమైడ్ నోటి ద్వారా, డెక్సామెథసోన్ వారానికోసారి, వీలైతే డారటుముమాబ్, తర్వాత సొంత మూలకణాలతో మార్పిడి. ఎముకల కోసం జొలెడ్రోనిక్ యాసిడ్ ఇచ్చేముందు పంటి డాక్టరుకి చూపించండి. మొదలెట్టాక పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. గ్రీన్ టీ పొడులు, ఆకు పసర్లు బోర్టెజోమిబ్‌తో కలపొద్దు.

డాల్ఫిన్స్‌నోస్
అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, గాజువాక నుంచి దగ్గరే. వెళ్లేటప్పుడు మజ్జ స్లైడులు, బయాప్సీ బ్లాకు కూడా పట్టుకెళ్లు, ఒట్టి రిపోర్టు కాగితాలు సరిపోవు. మళ్లీ సూది గుచ్చకుండా అవే చూస్తారు. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్ర దగ్గర అడుగు. ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకో.

గాజువాక_రవి
సోమవారం వెళ్తున్నాం. డైక్లోఫినాక్ చెత్తబుట్టలో పడేశాను. ఒక్క సందేహం మిగిలింది. సోడియం 129 ఉందని పక్కింటాయన ఉప్పు ఎక్కువ వేసి మజ్జిగ పట్టమంటున్నారు.

ల్యాబ్_లక్ష్మి
పట్టకండి. ప్రొటీన్ 9.8 ఉన్న రక్తంలో నీటి భాగం తగ్గుతుంది. నమూనాని పలచన చేసి కొలిచే పెద్ద యంత్రాలు ఆ తేడాని గమనించవు, సోడియం ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. బ్లడ్ గ్యాస్ యంత్రం పలచన చేయకుండా నేరుగా కొలుస్తుంది. సోమవారం దానిలో ఒకసారి చూడమని అడగండి. మామూలుగా వస్తే ఉప్పూ వద్దు, సెలైనూ ఆ అంకె కోసం వద్దు.